లివరు లాగే మనిషి

సెప్టెంబరు 5, శుక్రవారం

ముక్కు ట్రైలరు వచ్చేసింది. కింద ఎస్.కోటలో గోపి వెల్డింగు షెడ్డు ముందు వానలో తడుస్తూ నిలబడి ఉంది. చూడగానే నవ్వొచ్చింది నాకు. మామూలు ట్రైలరైతే బండి వెనక కొక్కేనికి తగిలిస్తే సరి. దీనికి ముందువైపు ఇంత పెద్ద ముక్కు. ఆ ముక్కు వచ్చి బండి తొట్టి మీద కూర్చోవాలట. ముక్కు కింద లావుపాటి పిన్ను ఒకటి ఉంటుంది, అది తొట్టిలో బిగించిన ఇనప పళ్లెంలో పడి గట్టిగా పట్టుకోవాలట. ఆ పళ్లేన్ని ఐదో చక్రం అంటారట. ఎంత వెతికినా అందులో చక్రం మాత్రం కనబడలేదు. ఏం పేర్లో ఏమో.

బరువంతా బండి ఇరుసు మీద పడుతుంది కాబట్టి ఘాట్‌లో తోక ఊపదని గోపి హామీ. పిండిమర, ఇంజను, జల్లెళ్లు అన్నీ ఆ ట్రైలర్లోనే బిగించి కొండ మీదికి పట్టుకెళ్లాలి. నీలవేణికి మాటిచ్చాను. వాళ్ల గుమ్మలవలస ఆడవాళ్లు సామల మూటలు నెత్తిన పెట్టుకుని టైడలో మా మర దాకా దిగుతారు, పట్టించుకుని మళ్లీ ఎక్కుతారు. దారిలో వాన పట్టుకుంటే పిండి కాస్తా ముద్దే. "అక్కా, మేము మర దగ్గరికి వచ్చేది కాదు, మరే మా దగ్గరికి రావాలి" అంది నీలవేణి పోయినేడు. సరదాకే అంది. నన్ను మాత్రం పట్టుకుని వదల్లేదు ఆ మాట.

ఇప్పుడు వాళ్ల ఊరికి తారు రోడ్డు పడింది. కొత్త సామల పండగలోపు మర ఎక్కించేస్తానని చెప్పాను. మర ఉంది, ట్రైలరు వచ్చింది, లాగే బండి ఇంటి ముందే ఉంది. తోలే మనిషే లేడు. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని ఉంది.

భర్త పేరు పలకకూడదంటారు, రాస్తే తప్పేముంది. సింహాచలం. పొగమంచులో ఎదుటి బండి కనబడకపోయినా హారను విని అది ఎవరి బండో చెప్పేవాడు. పోయినేడు వానల్లో దిగుడు మీద బ్రేకు పోతే, లోయలోకి పోకుండా బండిని కొండకేసి కొట్టి ఆపాడు. పక్క సీట్లో నేనే ఉన్నాను. నా ఎడమ మణికట్టు విరిగింది. మణికట్టు అతుక్కుంది, బండీ బాగైంది. ఆయన మాత్రం మళ్లీ స్టీరింగు ముట్టలేదు. బస్సు కూడా ఎక్కడు. రైలైతే ఎక్కుతాడు, దానికి స్టీరింగు ఉండదు కాబట్టి. బండి మీద టార్పాలిన్ కప్పి, తాడుతో ముడి మీద ముడి వేసి కట్టేశాడు.

దాని గురించి నేనేం బెంగ పెట్టుకోలేదు. డ్రైవర్లు బోలెడుమంది దొరుకుతారు.

సెప్టెంబరు 6

ఆయన్ని అడగను. ఒకసారి అడిగితే అన్నం ముందు నుంచి లేచిపోయాడు. చాలు.

సెప్టెంబరు 9, మంగళవారం

గోపి దగ్గరికి వెళ్లొచ్చాను. కొత్త చిక్కు వచ్చిపడింది. మాది డబుల్ క్యాబిన్ బండి. ముందు రెండు వరసల సీట్లు ఉన్నాయి కాబట్టి వెనక తొట్టి పొట్టి. పళ్లెం ఇరుసు మీద బిగిస్తే దానికీ క్యాబిన్‌కీ మధ్య జాగా చాలదు. రోడ్డు తిన్నగా ఉన్నంతసేపూ ఫరవాలేదు. మలుపు తిరిగేసరికి ట్రైలరు ముక్కు మూల వచ్చి క్యాబిన్ వెనక అద్దానికి కొట్టుకుంటుంది.

"ఇగో వదినా, నా మొకం క్యాబిను అనుకో. నా మోసెయ్యి ముక్కు అనుకో. ఇప్పుడు మలుపు తిప్పుతాను సూడు" అని గోపి మోచేత్తో తన చెంప మీద తనే కొట్టుకున్నాడు. షెడ్డులో వాళ్లంతా పకపకా నవ్వారు.

"నవ్వడానికేంలే. ఏం చేద్దామో చెప్పు" అన్నాను.

"పళ్లెం ఇరుసు దాటించి జానెడు ఎనక్కి బిగించీద్దాం. తగల్దు. సులువు, బేగి అయిపోతాది."

సరే అనేశాను. వచ్చేటప్పుడు గోపి ఒక కాగితం మీద మూడు రకాలుగా బొమ్మలు గీసి ఇచ్చాడు. ఆలోచించుకోమని.

ఆ కాగితం అరుగు మీద మర్చిపోయాను. పొద్దున్నే ఆయన టీ తాగే చోట.

సెప్టెంబరు 10

కాగితం అక్కడే ఉంది. దాని మీద టీ గ్లాసు అడుగు గుండ్రంగా పడింది. ఎగిరిపోకుండా గ్లాసు బరువు పెట్టాడు కాబోలు.

నేను తీయలేదు. జల్లు కొడుతోందని కాస్త లోపలికి జరిపానంతే.

సెప్టెంబరు 12

కాగితం తీయడం ఈ రోజు కూడా మర్చిపోయాను.

సెప్టెంబరు 14, ఆదివారం

సామలు చెరుగుదామని చూస్తే చేట లేదు. ఇల్లంతా వెతికి పెరట్లోకి వెళ్లాను. అక్కడ ఈ పెద్దమనిషి నేల మీద గొంతుక్కూర్చుని ఉన్నాడు. ముందర తన చెప్పు, దాని మడమ మీదికి ఎక్కించి నా చేట. రెండింటి మధ్యా ఒక గులకరాయి. చెప్పుని మెల్లగా పక్కకి తిప్పుతున్నాడు, చేట మూల వెళ్లి చెప్పుకి తగులుతోంది. మళ్లీ తిన్నగా పెడుతున్నాడు, మళ్లీ తిప్పుతున్నాడు.

"ఏటి మావా, చెప్పుకీ చేటకీ పెళ్లి చేస్తున్నావా?" అన్నాను.

ఉలిక్కిపడ్డాడు. చెప్పు తొడుక్కోబోయి, మళ్లీ ఆగి, రాయిని కొంచెం వెనక్కి జరిపాడు. నా మొహంకేసి చూడకుండా మాట్లాడాడు.

"గోపిగాడికి బుద్దుందా? ఇరుసుకి ఎనకాల పళ్లెం ఎడతాడా? బరువంతా ఎనక పడితే ముందు లేచిపోతాది. ఎక్కుడు మీద ముందు సక్రాలు నేలని ఒగ్గేత్తాయి. అప్పుడు స్టీరింగు తిప్పితే ఏటి తిరుగుతాది, నీ మొకం?"

నీ మొకం అనగానే నాకు కళ్లనీళ్లు తిరిగాయి. దెబ్బ తగిలిన దగ్గర్నుంచీ ఈయన నన్ను ఒక్క మాట అనలేదు. కూర మాడినా అనలేదు, మర బెల్టు తెగే దాకా నేను చూసుకోకపోయినా అనలేదు. అన్నీ "సరేలే, పోనీలే". ఇంట్లో చుట్టం ఉన్నట్టుండేది. ఈ రోజు తిట్టాడు. హమ్మయ్య.

చేట లాక్కుని వచ్చేశాను. చెరుగుతూ చాలాసేపు ముక్కు తుడుచుకున్నాను. సామల దుమ్ము కళ్లలో పడింది.

సెప్టెంబరు 15, సోమవారం

గోపికి చెప్పాను, పళ్లెం వెనక్కి వద్దని, ముందు చక్రాలు తేలిపోతాయని. వాడు నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"అన్న సెప్పినాడా?"

"ఎవరో చెప్పారులే. ఇంకేం దారి ఉంది?"

ఇంకో దారి జారుడు పళ్లెం. కింద పట్టాల మీద బిగిస్తారు. మామూలప్పుడు ఇరుసు మీదే ఉంటుంది. రోడ్డు వెనక్కి మెలితిరిగే పీకతిప్పుడు మలుపు వచ్చినప్పుడు దాన్ని వెనక్కి జార్చి, మలుపు దాటాక మళ్లీ ముందుకి తెచ్చుకోవాలి. ఇందులోనూ రెండు రకాలు. ఒకటి తనంత తనే జారుతుంది, డ్రైవరు కదలక్కర్లేదు. ఇంకోటి చేత్తో జార్చేది. ఒక మనిషి దిగి, ట్రైలరు చక్రాలకి చెక్కలు అడ్డం పెట్టి, తొట్టి పక్కనున్న లివరు లాగి పట్టుకోవాలి. అప్పుడు డ్రైవరు బండిని మెల్లగా ముందుకి కదిపితే పళ్లెం వెనక్కి జారి బిగుసుకుంటుంది.

చేత్తో జార్చేదే బిగించమన్నాను.

"వదినా, మలుపు మలుపుకీ దిగి లివరు లాగడానికి ఇంకో మనిషి కావాల. తెలుసా?"

"దొరుకుతాడులే" అన్నాను.

ఇది చవక, రిపేరు తక్కువ. అందుకే తీసుకున్నాను. ఇంకేం లేదు.

సెప్టెంబరు 19

వాన. చెయ్యి గుంజుతోంది. ఆయన అడక్కుండానే కొబ్బరినూనె వెచ్చబెట్టి తెచ్చాడు. మణికట్టు వంక చూడకుండా నూనె రాశాడు. కిటికీలోంచి బయటికి చూస్తూ.

సెప్టెంబరు 22, సోమవారం

డ్రైవరు దొరికాడు. తరుణ్ అని, మా గోపికి తెలిసినవాడే, కింద ఇటుకల లారీ తోలేవాడు. చురుకైనవాడు. పిన్నీ పిన్నీ అంటూ రెండుసార్లు టీ తాగాడు.

ఆయన అరుగు మీద కూర్చుని వాడికి పరీక్ష పెట్టాడు. ఎక్కుడు మీద ఆగితే ఏ గేరులో కదుపుతావు, పొగమంచులో లైటు ఎలా వేస్తావు, ట్రైలరుని ఎప్పుడైనా వెనక్కి తోసినావా. మిగతా వాటికి టకటకా చెప్పాడు గానీ, వెనక్కి తొయ్యడం అనేసరికి "అదేటి బాబాయ్, మనం ఎల్లేది ముందుకే గదా" అని నవ్వాడు. ఆయన నవ్వలేదు.

వాడు వెళ్లిపోయాక నేను బియ్యం ఏరుతూ ఊరికే అన్నాను, "లివరు లాగడానికి మనిషి దొరకడం లేదు మావా. బండి ఎక్కక్కర్లేదు, పక్కన నడిస్తే చాలు. గుమ్మలవలస రోడ్డు ఎంతని, నీ నడకకి."

నేను బియ్యంలో రాళ్లు లేకపోయినా ఏరుతూ కూర్చున్నాను.

"ఎక్కను. నడుత్తాను. సెక్క ఎడతాను, లివరు లాగుతాను. స్టీరింగు మాటెత్తకు."

"ఎవరెత్తారు?" అన్నాను.

నిజమే కదా, నేనెత్తానా?

సెప్టెంబరు 28

తరుణ్ చాలు. మంచి డ్రైవరే. మంచి డ్రైవరే అని గోపి కూడా అన్నాడు.

అక్టోబరు 2, గురువారం, దసరా

పొద్దున్న ముగ్గేసి తిరిగి చూద్దును కదా, టార్పాలిన్ విప్పేసి ఉంది! ముడులు కొయ్యలేదు, ఒక్కొక్కటీ విప్పాడు. బండిని రుద్ది రుద్ది కడిగాడు. టైర్ల గాట్లలో ఇరుక్కున్న మట్టి పుల్లతో తీశాడు. పసుపు రాసి బొట్లు పెట్టాడు. నాలుగు చక్రాల ముందూ నాలుగు నిమ్మకాయలు పెట్టాడు. కొబ్బరికాయ కొట్టి హారతి ఇచ్చాడు.

నేను ఇంటి గుమ్మంలోనే నిలబడి చూస్తున్నాను. ఇంక ఎక్కడమే తరువాయి.

బండి తలుపు తీశాడు. సీటు మీద చెయ్యి వేశాడు. వేసి, అలాగే నిలబడి, తర్వాత ఫోన్ తీసి తరుణ్‌ని పిలిచాడు. ఆ గుంటడు వచ్చి నిమ్మకాయల మీంచి బండి పోనిచ్చి, అటునుంచి అటే గోపి షెడ్డుకి తీసుకుపోయాడు, పళ్లెం బిగించడానికి.

మధ్యాహ్నం పులిహోర తింటూ ఆయనే అన్నాడు, నేనేమీ అడక్కుండానే. "ఆ సీటు మీద సెయ్యేత్తే పక్క సీట్లో నువ్వు అరిసిన అరుపు ఇనబడతాదే. బ్రేకు పోనాదని ఊరంతా అంతారు. తోలినోడిని నేనే కదా."

"బ్రేకు పోయింది. నువ్వు నన్ను లోయలో పడకుండా కొండకి కొట్టావు. ఆ అరుపు నాది, నేనేం అరిచానో నాకు తెలుసు. మావా అని అరిచాను. తిట్టి కాదు, నువ్వున్నావని అరిచాను" అన్నాను. గొంతు పెద్దదైపోయింది. పక్కింటివాళ్లు కూడా వినే ఉంటారు.

ఆయన పులిహోర మొత్తం తిన్నాడు. లేచిపోలేదు.

అక్టోబరు 7, మంగళవారం

ట్రైలరు బండికి తగిలించుకుని తరుణ్ ఘాట్ ఎక్కి టైడ దాకా వచ్చేశాడు. ఖాళీ ట్రైలరు. లివరు రెండే మలుపుల దగ్గర అవసరం పడిందట, గోపి కూడా వచ్చి లాగాడు. వెన్నలా జారింది వదినా అన్నాడు. ఆయన చుట్టూ తిరిగి చూశాడు. పళ్లెం కిందికి దూరి పట్టాలు తడిమాడు. గ్రీజు చాల్దన్నాడు, తనే రాశాడు.

మర, ఇంజను ట్రైలరు ముందు భాగంలో బిగించారు. వెనక సగం ఖాళీ, బస్తాలు పెట్టుకోడానికి.

శనివారం ఎక్కుతాం. ఆ రోజు సంత, నీలవేణి వాళ్లు కిందే ఉంటారు, కలిసి వెళ్లొచ్చు. ఆదివారం వాళ్ల పండగ.

అక్టోబరు 11, శనివారం

గుమ్మలవలసలో, నీలవేణి ఇంటి అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. అంతా వరసగా రాయాలి.

ఆయన పొద్దున్నే చెక్కలు భుజాన వేసుకుని ముందు నడిచి వెళ్లిపోయాడు, మలుపులు చూసుకుంటానని. నేను తరుణ్ పక్కన కూర్చున్నాను. సంత దాటుతుంటే నీలవేణి, వాళ్ల ఊరి ఆడవాళ్లు రోడ్డు పక్కన మూటలతో నిలబడి ఉన్నారు. ఎండుచేపలు, ఉప్పు, ఉల్లిపాయలు, కొత్త కుండలు, పండక్కి ఒక మేకపోతు. సంత నుంచి కొండెక్కే బండి ఖాళీగా పోకూడదు, చెయ్యెత్తినవాళ్లని కాదనకూడదు. మా అత్తగారి కాలం నుంచీ అదే పద్ధతి. నేనే తల బయటికి పెట్టి "ఎక్కండి, ఎక్కండమ్మా" అని పిలిచాను. ముందు మర ఉంది కాబట్టి అందరూ వెనక ఖాళీలో సర్దుకున్నారు. మేకపోతు అందరికంటే వెనక నిలబడింది.

మొదటి మలుపు వెడల్పుగా ఉంది, లివరు లేకుండానే దాటాం. రెండోది పీకతిప్పుడు. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోతున వాగు పారే గెడ్డ. ఆయన అక్కడ నిలబడి చెయ్యెత్తాడు. తరుణ్ ఆపాడు. ఆయన చెక్కలు పెట్టి లివరు పట్టుకున్నాడు. లాగాడు. రాలేదు. కాలు తన్నిపెట్టి మళ్లీ లాగాడు. ఊహుఁ.

"తరుణూ, కదపకు. ఏదో పట్టీసింది" అని కేకేశాడు.

వెనక సంత జీపులు వచ్చి హారను మీద హారను. తరుణ్‌కి చిరాకు పుట్టింది. "అక్కర్లేదులే బాబాయ్, కొంచెం ఎడంగా కొట్టీసి పోతాను" అని జీపువాళ్ల చేత చెక్కలు తీయించి తిప్పేశాడు.

నా తల వెనక టప్పుమంది. అద్దం. పగుళ్లు వచ్చి, చిన్న చిన్న ముక్కలు వెనక సీటు దాటి ఎగిరొచ్చి నా జుట్టులో, మెడ మీద రాలాయి. ట్రైలరు ముక్కు మూల అద్దంలో దిగబడి ఉంది. బండి ముందుకి పోదు. తరుణ్ వెనక్కి తీయబోయాడు, ట్రైలరు గెడ్డ వైపు తిరిగింది. మళ్లీ ఆపేశాడు. ముందు నుయ్యి వెనక గొయ్యి. వాడి మొహం పాలిపోయింది. హేండ్ బ్రేకు లాగి, కిందికి దిగి, "నా వల్ల కాదు పిన్నీ, సమించండి" అని కిందికి పోతున్న మోటారు సైకిలు ఎక్కి పోయాడు. మంచి డ్రైవరే అని రాశాను పైన. కొట్టేయను, ఉండనీ.

ఆయన చక్రాలకి మళ్లీ చెక్కలు తన్ని, నా తలుపు దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. నా జుట్టులో గాజు చూశాడు. తలుపు పట్టుకుని ఆగిపోయాడు. నాకు భయమేసింది, నా గురించి కాదు. మళ్లీ మొదటికొచ్చింది, ఇంక ఈ మనిషి జన్మలో బండి ముట్టడు అనుకున్నాను. బేగి దిగి, జుట్టు దులుపుకుని, రెండు చేతులూ ఆయన మొహం ముందు ఆడించాను. "చూడు మావా, గీత కూడా పడలేదు. ఇదిగో ఈ చెయ్యి కూడా చూడు. నా వంక కాదు, చెయ్యి చూడు!"

చూశాడు. విరిగిన దగ్గర్నుంచీ మొదటిసారి ఆ మణికట్టు వంక తిన్నగా చూశాడు. పట్టుకుని తిప్పి చూశాడు.

తర్వాత ట్రైలరు వెనక్కి వెళ్లి అక్కడి నుంచి కేక. "ఓలమ్మో! ఇదేటిది, సంతంతా తోక మీద ఎక్కీసింది! తోక దిగిపోతే ముక్కు లేచిపోదా? పిన్ను పైకి లాగేత్తంటే లివరు ఎలాగొత్తాది? ఎవులు ఎక్కించినారు వీళ్లని?"

ఆడవాళ్లందరూ నన్ను చూపించారు. మేకపోతు కూడా నా వంకే చూసింది.

"సంత బండి ఖాళీగా ఎలా పోతుంది?" అన్నాను.

"బుద్దుందేటే నీకు? నలుగురినీ ఎక్కించుకో, నానొద్దన్నానా? మర దగ్గిర ముందు కూకోబెట్టాల గానీ!"

అందరూ దిగారు. మూటలు ముందుకి మోశారు. మేకపోతుని నీలవేణి మర కాళ్లకి కట్టింది. ముక్కు మెల్లగా దిగింది, చూస్తుండగానే దిగింది. ఆయన లివరు పట్టి కదిపి చూశాడు. కదిలింది.

ఇప్పుడు ఎవరైనా ఎక్కి, ముందు ట్రైలరుని వెనక్కి తోసి తిన్నగా చెయ్యాలి. వెనక జీపు డ్రైవరు ధర్మతేజ దిగి వచ్చాడు. "నానెక్కేదా మావా? తీసి పెట్టీసి పోతాను" అన్నాడు.

నేను సరే అనబోయాను. కాదు, ఇక్కడైనా నిజం రాయాలి. అనబోలేదు. అలాంటి ఉద్దేశమే లేదు నాకు. నోరు గట్టిగా మూసుకుని, వెళ్లి లివరు పక్కన నిలబడ్డాను. నా ఎడమ చెయ్యి లివరు మీద వేశాను.

జీపుల హారన్లు ఆగాయి. నీలవేణి తన సంత సంచిలో చెయ్యి పెట్టి నిమ్మకాయలు తీసింది. ఒక్కో చక్రం కింద ఒక్కోటి పెట్టుకుంటూ బండి చుట్టూ తిరిగి వచ్చింది.

ఆయన చూస్తూ నిలబడ్డాడు. "పండక్కి కొనుక్కున్నావు గదే" అన్నాడు మెల్లగా.

"పండగ రేపు బావా. బండి ఈ రోజు" అంది నీలవేణి.

ఆయన ధర్మతేజ వంక తిరిగాడు. "నువ్వు ఎనక నిలబడి గెడ్డ అంచు సెప్పు. సాలు." తర్వాత నా వంక. "రత్నాలూ, ఆ సెయ్యి లివరు లాగగలదా?"

"నా చెయ్యి సంగతి నేను చూసుకుంటాను. నీ కాలు సంగతి నువ్వు చూసుకో" అన్నాను.

ఎక్కాడు. రెండు చేతులూ స్టీరింగు మీద వేసి కళ్లు మూసుకున్నాడు. తెరిచాడు. ఇంజను మోగింది, నేను చెక్కలు తీశాను. నిమ్మకాయలు చిట్లిన వాసన వచ్చింది. ట్రైలరుని వెనక్కి తొయ్యాలంటే స్టీరింగుని అటుది ఇటు, ఇటుది అటు తిప్పాలి. తరుణ్‌కి రానిది అదే. ఈయన చిన్నప్పుడు కళ్లంలోకి గడ్డి బండిని వెనక్కి తోసి తోసి నేర్చుకున్నాడట, మా అత్త చెప్పేది. అద్దంలోంచి ముక్కు బయటికొచ్చింది. బండీ ట్రైలరూ ఒక వరసలోకి వచ్చాయి.

"సెక్క!" అన్నాడు. పెట్టాను. "లివరు!" లాగాను. నొప్పి భుజం దాకా పాకింది, వదల్లేదు. బండి మెల్లగా ముందుకి కదిలింది, పళ్లెం వెనక్కి జారి ఖళ్‌మని బిగుసుకుంది. చెక్కలు తీశాను. మలుపు తిప్పాడు. ముక్కు మూల పగిలిన అద్దం పక్క నుంచి బెత్తెడు దూరంలో, అద్దాన్ని ముట్టుకోకుండా దాటిపోయింది. ఆడవాళ్లు ఒక్కసారి కేకలు పెట్టారు. నేను రోడ్డు మధ్యలో కూలబడి ఏడ్చాను. ఏడిస్తే ఏం, నా ఇష్టం.

అక్కడ నుంచి ప్రతి పీకతిప్పుడు దగ్గరా దిగాను, పెట్టాను, లాగాను. "బేగి లాగే, నిద్రోతన్నావేటి!" అని ఒకటే అరుపులు. ఎన్ని తిట్లు తిట్టాడో. ఒక్కటి కూడా మర్చిపోను.

గుమ్మలవలస చేరాక అందరూ దిగి మర చుట్టూ మూగారు. ఆయన మాత్రం సీట్లోంచి వెంటనే దిగలేదు. నేను తలుపు దగ్గరికి వెళ్లాను.

"ఆ కాగితం" అన్నాడు. "రోజూ ఎలా మర్సిపోతావే అరుగు మీద?"

"ఏ కాగితం?" అన్నాను.

నవ్వాడు. ఎంత కాలమైందో ఆ నవ్వు చూసి.

అక్టోబరు 12, ఆదివారం

పండగ. శంకుదేముడికి పెట్టే కొత్త సామలు మర పట్టకూడదట. ముందు రోట్లో ఆడవాళ్లందరూ తలో పోటు వేసి దంచారు, నాతో కూడా వేయించారు. దేముడికి పెట్టి, తిన్నాక, అప్పుడు మూటలు మర దగ్గరికి వచ్చాయి. సాయంత్రం దాకా మర ఆగలేదు. పొట్టు ఎగిరి అందరి జుట్టూ తెల్లబడింది. నీలవేణి కూర్చుని ఊరికే మర వంక చూస్తూ ఉండిపోయింది. "నడుం ఉంది అక్కా ఈ రోజు నాకు" అంది.

దిగేటప్పుడు ఆయనే తోలాడు. దిగుడు. బ్రేకుని మూడుసార్లు తొక్కి చూసుకున్నాకే కదిపాడు. నేను పక్క సీట్లో కూర్చున్నాను. అరవలేదు. పాట పాడాను, బాగా పాడలేదని తిట్టాడు.

అక్టోబరు 13

చెయ్యి వాచింది. కాపడం పెడుతూ మణికట్టు వంకే చూస్తున్నాడు ఈసారి, కిటికీ వంక కాదు.

అక్టోబరు 16, గురువారం

వెనక అద్దం కొత్తది వేయించాం. రేపు ఇంకో ఊరు పిలిచారు, గుమ్మలవలసకి ఇంకా పైన. రోడ్డు ఎలా ఉందో చూడ్డానికి ఆయన పొద్దున్నే వెళ్లొచ్చాడు. బండి మీదే.

సాయంత్రం గోపి ఫోన్ చేశాడు. "వదినా, మంచి మాట. తనంత తనే జారే పళ్లెం ఒకటి దొరికినాది. దీనికి దిగక్కర్లేదు, సెక్కలక్కర్లేదు, లివరక్కర్లేదు. అన్నొక్కడే ఎల్లిపోవచ్చు. పాతది తీసుకుని మార్చీమంటావా?"

కిటికీలోంచి చూశాను. ఆయన తొట్టిలో కూర్చుని పట్టాలకి గ్రీజు రాస్తున్నాడు. లివరు పిడికి గుడ్డ చుడుతున్నాడు, నా చెయ్యి ఒరుసుకుపోకుండా.

"వద్దులే గోపీ" అన్నాను. "లివరు లాగే మనిషి దొరికింది."

"ఎవులే ఫోన్లో?" అని అరిచాడు తొట్టిలోంచి.

"రాంగ్ నంబరు" అన్నాను.